పసుపు దీపం వెలిగితే కారు ఆపాలా? నడపాలా?

కుక్కరు విజిలు వేస్తే ఏం చెయ్యాలో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. గ్యాసు వాసన వస్తే ముందు రెగ్యులేటరు కట్టేసి, కిటికీలు బార్లా తెరుస్తాం. మిక్సీ మోత మారితే జారు సరిగ్గా కూచోలేదని వంటింటి బయటినుంచే పట్టేస్తాం. అదే కారులో స్టీరింగు వెనకాల చిన్న పసుపు దీపం వెలిగిందనుకోండి, ఎంత ధైర్యస్తురాలికైనా గుండె జల్లుమంటుంది. పక్క సీట్లో పిల్లలు, ముందు హైవే, ఇంటాయన ఊళ్ళో లేడు. అప్పుడేం చెయ్యాలి?

ఈ వారం మనకి నడిగూడెం నుంచి ఒక చెల్లెలు సరిగ్గా ఇదే రాసింది. నడిగూడెం అంటే మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి కోట, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారు గుర్తొచ్చే ఊరు. ఇప్పుడది సూర్యాపేట జిల్లాలో మండల కేంద్రం. ఆ చెల్లెలి ఉత్తరంలో సారాంశం ఇదీ:

"మాది 2018 మోడల్ పెట్రోలు కారు. గేర్లు మార్చుకునేదే. సెకండ్ హ్యాండులో కొన్నాం. మా ఆయన ఉద్యోగం హైదరాబాదులో. వారానికి ఒకసారి వస్తారు. పిల్లల్ని కోదాడ బడికి నేనే తీసుకెళ్తాను. నెల రోజులుగా ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలుగుతోంది. వాన పడ్డ రోజు పొద్దున్నే ఇంజను వణుకుతుంది, పికప్ ఉండదు. ఒక మెకానిక్ మిషను పెట్టి చూసి 'పి0302' అని కాగితం మీద రాసిచ్చి, సెన్సారు, సైలెన్సరులో జల్లెడ రెండూ మార్చాలి, చాలా ఖర్చవుతుందన్నాడు. ఇంకొకాయన దీపం ఆర్పేసి 'ఏం లేదమ్మా, నడుపుకోండి' అన్నాడు. మూడో రోజుకి మళ్ళీ వెలిగింది. ఎవరి మాట నమ్మాలి?"

చెల్లీ, ఇద్దరి మాటా అప్పుడే నమ్మకు. ముందు దీపం మాట విందాం.

అసలీ దీపం ఎందుకు పెట్టారు?

బండి పొగ ఊరికి చేటు చెయ్యకుండా చూడడానికి. ఇంజనుకి ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. గాలి ఎంత వస్తోంది, పెట్రోలు ఎంత పోస్తోంది, పొగలో ఆక్సిజను ఎంత మిగిలింది అని సెన్సార్ల ద్వారా అది నిరంతరం కనిపెడుతూ ఉంటుంది. లెక్క తప్పితే ఒక నెంబరు రాసిపెట్టుకుని దీపం వెలిగిస్తుంది. అమెరికాలో 1996 మోడలు నుంచి అన్ని కొత్త కార్లకీ ఈ ఏర్పాటు ఒకే పద్ధతిలో వచ్చింది. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-4 దేశమంతా అమలైంది, 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 వచ్చింది. కాబట్టి మన వీధుల్లో తిరిగే ఈ పదేళ్ళ లోపు కార్లన్నింటిలో ఈ కాపలాదారు ఉన్నట్టే.

కాపలాదారు అని ఎందుకన్నానంటే, అతను దొంగ వచ్చాడని అరుస్తాడు గానీ ఏ దొంగో పేరు చెప్పడు. నెంబరు కూడా అంతే. ఫలానా భాగం మార్చమని చెప్పదు, ఫలానా చోట లెక్క తప్పింది అని మాత్రమే చెబుతుంది. జ్వరం 102 ఉందని థర్మామీటరు చెబితే, అది మలేరియానో టైఫాయిడో డాక్టరు చూసి చెప్పాలి కదా! నెంబరు చూడగానే సామాను రాసిచ్చేవాడు థర్మామీటరు చూసి ఆపరేషను చేసేవాడి లాంటివాడు.

రంగు చూడండి, మెరుపు చూడండి

దీపం వెలిగిన క్షణంలో మీరు తేల్చుకోవలసినవి మూడే.

ఒకటి, పసుపు దీపం నిలకడగా వెలుగుతోంది, బండి మామూలుగానే నడుస్తోంది. కంగారు లేదు. నెమ్మదిగా ఇంటికి చేరండి. రెండు మూడు రోజుల్లో చూపించండి. నెలల తరబడి మాత్రం వదిలెయ్యకండి.

రెండు, పసుపు దీపం మిణుకు మిణుకుమంటోంది, ఇంజను వణుకుతోంది. ఇది పెద్ద విషయం. ఏదో ఒక సిలిండరులో పెట్రోలు మండకుండానే బయటికి పోతోందన్నమాట. దాన్నే మెకానిక్కులు 'మిస్సింగ్' అంటారు. ఆ మండని పెట్రోలు సైలెన్సరు గొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టరులోకి వెళ్ళి అక్కడ మండుతుంది. ఉత్తరంలో 'జల్లెడ' అన్నది దీన్నే. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. అది ఎర్రగా కాలి కరిగిపోతే వందల్లో పోయే రిపేరు వేలల్లోకి వెళుతుంది. యాక్సిలరేటరు తగ్గించి, పక్కకి తీసి ఆపేయండి.

మూడు, ఎర్ర దీపం. నూనె చెంబు బొమ్మ అయితే ఇంజనులో ఆయిలు ఒత్తిడి లేదు. థర్మామీటరు బొమ్మ అయితే ఇంజను ఉడికిపోతోంది. 'ఇంకో కిలోమీటరే కదా' అనుకోకూడదు. వెంటనే పక్కకి తీసి ఇంజను కట్టేయండి. వేడి మీద రేడియేటరు మూత తియ్యకండి. ఆవిరి పోకుండా కుక్కరు మూత తీస్తే ఏమవుతుందో మీకు తెలుసుగా!

హైవే మీద ఆగాల్సి వస్తే నాలుగు ఇండికేటర్లూ వెయ్యండి. ఎరుపు త్రికోణాన్ని కనీసం యాభై మీటర్లు వెనక పెట్టండి. పిల్లల్ని ఎడమ తలుపు నుంచి దింపి రోడ్డుకి దూరంగా నిలబెట్టండి. విజయవాడ-హైదరాబాదు 65వ నెంబరు జాతీయ రహదారి మీద ఆగిన బండిలో కూచోవడం కంటే బయట చెట్టు కింద నిలబడడమే క్షేమం. జాతీయ రహదారుల సహాయానికి 1033కి ఫోను చెయ్యవచ్చు.

గేర్ల బండి చెప్పే గుట్టు

గేర్లు మార్చుకునే బండిలో ఒక సౌలభ్యం ఉంది. తప్పు ఇంజనుదా, క్లచ్‌దా అన్నది సీట్లో కూచునే కొంత తెలుసుకోవచ్చు. పికప్ లేదనిపించినప్పుడు, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో నెమ్మదిగా యాక్సిలరేటరు నొక్కండి. ఇంజను మోత పెరుగుతోంది, ముల్లు లేస్తోంది, కానీ బండి వేగం పెరగడం లేదు. అంటే క్లచ్ ప్లేటు జారుతోంది. దానికి ఈ పసుపు దీపం వెలగదు. అలా కాక ఇంజను మోతే పెరగకుండా బండి గునుస్తుంటే తప్పు ఇంజను వైపుది.

నాలుగో గేరులో పాతిక ముప్పై వేగంతో స్పీడు బ్రేకరు దాటి, గేరు తగ్గించకుండానే తొక్కితే ఏ బండి అయినా గునుస్తుంది. అది జబ్బు కాదు. రెండో గేరుకి తగ్గించి చూడండి. అప్పటికీ వణుకు పోకపోతేనే రిపేరు మాట.

క్లచ్ పెడలు దగ్గర చిన్న స్విచ్చి ఉంటుంది. మీరు క్లచ్ తొక్కారని కంప్యూటరుకి చెప్పేది అదే. 'పి0704' అనే నెంబరు వస్తే ఆ స్విచ్చి వైపు చూడాలి. పెడలుకి ఉండే చిన్న ప్లాస్టిక్ గుండీ పొడై రాలిపోయినా, కాలి కింద మ్యాటు ముడత పడి అడ్డు వచ్చినా ఇలా కావచ్చు. కొన్ని బండ్లలో క్లచ్ తొక్కితే తప్ప స్టార్టు కాదు. అలాంటి బండి మొరాయిస్తే బ్యాటరీ మార్చే ముందు మ్యాటు తీసి చూడండి. కానీ ఖర్చు లేని పని!

ఇంకో మాట. బండి స్టార్టు కాకపోతే నలుగురు చేరి తోసి, రెండో గేరులో క్లచ్ వదిలి లేపడం మన ఊళ్ళల్లో అలవాటు. పాత కార్బురేటరు బండ్లకి అది చెల్లింది. మిస్సింగ్ ఉన్న కొత్త బండిని అలా తోస్తే మండని పెట్రోలంతా జల్లెడలోకే పోతుంది. బ్యాటరీ పడిపోయిందని తెలిస్తే ఇంకో బండి నుంచి వైర్లు కలిపి లేపించండి.

నెంబరు చదవడం మీకూ వస్తుంది

మొదటి అక్షరం 'పి' అంటే ఇంజను, గేరుబాక్సుల వైపు తప్పు. తర్వాత సున్నా ఉంటే అన్ని కంపెనీలకీ ఒకటే అర్థం. ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంత నెంబరు. మూడో స్థానంలో 1 గాని 2 గాని ఉంటే గాలి, పెట్రోలు లెక్క. 3 అయితే మంట సరిగ్గా లేదని. 4 అయితే పొగ శుద్ధి. 7 అయితే గేరుబాక్సు వైపు.

ఇక 'పి0302' చూద్దాం. 3 ఉంది కాబట్టి మంట గొడవ. చివరి 2 అంటే రెండో సిలిండరు. ఇంత స్పష్టంగా 'రెండో పొయ్యి వెలగడం లేదు' అని బండి చెబుతుంటే, ఆ మెకానిక్ పొగగొట్టం మారుస్తానంటున్నాడు! జల్లెడ పాడైతే దానికి వేరే నెంబరు వస్తుంది, సాధారణంగా 'పి0420'. ఒకవేళ నెల రోజుల మిస్సింగ్ వల్ల జల్లెడ కూడా దెబ్బతిన్నా, ముందు మిస్సింగ్ పోగొట్టకుండా కొత్తది బిగిస్తే అదీ కాలిపోతుంది. కప్పు కారుతుంటే గోడకి రంగు వేసినట్టే అవుతుంది.

తక్కువ ఖర్చు నుంచి మొదలుపెట్టండి

చెల్లీ, నీ ఉత్తరంలో రెండు మాటలు నాకు ముఖ్యమనిపించాయి. వాన పడ్డ పొద్దున ఎక్కువ అన్నావు. చివర్లో ఒక ముక్క రాశావు, రాత్రి కారు గడ్డివాము పక్కన పెడతామని. కాబట్టి ఈ వరసలో చూపించు.

మొదట బానెట్ తెరిచి పగటి వెలుగులో వైర్లు చూడాలి. ఇంజను చల్లగా ఉండాలి, తాళం తీసి ఉండాలి. సాగర్ ఎడమ కాలువ కింద వరి కోతలయ్యాక పొలం ఎలుకలు ఎటు వస్తాయో మీకు చెప్పాలా? వెచ్చగా ఉండే ఇంజను వాటికి మంచి ఇల్లు. వైరు పైతోలు కొరికాయంటే పొడి రోజు బాగానే నడిచి, తడి రోజు కరెంటు పక్కకి పోతుంది. గడ్డిపరకలు, పెంటికలు, కొరికిన రబ్బరు కనిపిస్తే దొంగ దొరికినట్టే. తెగిన వైరుని టంకం పెట్టి, పైన తొడుగు వేసి అతికించమనండి. టేపు చుట్టి వదిలేస్తే మళ్ళీ వానకి ఇదే కథ.

రెండోది, రెండో సిలిండరు ప్లగ్గు విప్పించి చూడాలి. మసి పట్టినా, నూనె తడి ఉన్నా, పింగాణీ చిట్లినా మార్చాలి. ఒకటి అరిగితే నాలుగూ అరిగి ఉంటాయి కాబట్టి సెట్టు మార్చడం మంచిది. ఏ రకం ప్లగ్గు, ఎన్ని వేల కిలోమీటర్లకి మార్చాలి అన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

మూడోది, కాయిలు. ఒక్కో సిలిండరుకి ఒక్కో కాయిలు ఉన్న బండి అయితే పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. రెండో సిలిండరు కాయిలు మూడోదానికి, మూడోది రెండోదానికి మార్చి బిగించమనండి. నెంబరు చెరిపేసి నాలుగు రోజులు నడపండి, మిణుకుమంటే మాత్రం ఆపేయండి. ఈసారి 'పి0303' వచ్చిందా? కాయిలుతో పాటు జబ్బు కూడా కదిలింది, కాబట్టి కాయిలే పోయింది. మళ్ళీ 'పి0302' వచ్చిందా? కాయిలు మంచిదే. ఎర్ర బల్బు వెలగకపోతే బల్బు మార్చి చూస్తామే, హోల్డరు తప్పా బల్బు తప్పా అని, అదే తెలివి.

ఈ మూడూ బాగుంటేనే నాలుగోదానికి వెళ్ళాలి: పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు, ఆ తర్వాత సిలిండరులో కంప్రెషను పరీక్ష. ఇవి మంచి సాధనాలున్న షెడ్డులోనే చేయించాలి.

ఇదంతా తేలేలోగా దీపం మిణుకుమంటే పిల్లల్ని బస్సులో పంపు. రెండు రోజుల బస్సు చార్జీ కంటే జల్లెడ ఖరీదు చాలా ఎక్కువ.

ఆర్పడం వేరు, బాగుచెయ్యడం వేరు

దీపం ఆర్పేసి పంపినాయన మోసగాడని అనను. కానీ నెంబరుతో పాటు ఎంత వేగంలో, ఎంత వేడిలో తప్పు జరిగిందో కూడా కంప్యూటరు రాసి ఉంచుతుంది. చెరిపేస్తే ఆ వివరమూ పోతుంది. బ్యాటరీ వైరు పీకినా అంతే. అందుకని చెరిపే ముందు అన్నీ ఫోనుతో ఫోటో తీసుకోండి. నిజంగా బాగైతే కొన్ని ప్రయాణాల తర్వాత దీపం దానంతటదే ఆరిపోతుంది కూడా.

నెంబరు చదివే చిన్న పరికరం ఇప్పుడు వెయ్యి రూపాయల లోపే దొరుకుతోంది. స్టీరింగు కింద మోకాళ్ళ దగ్గర పదహారు పిన్నుల సాకెట్టు ఉంటుంది. అందులో గుచ్చితే సెల్‌ఫోనులో నెంబరు కనిపిస్తుంది. చూశాక పీకెయ్యండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. అమెరికాలో మన పిల్లలున్న చాలా చోట్ల విడిభాగాల దుకాణాల వాళ్ళే ఈ నెంబరు ఉచితంగా చదివి పెడతారు. అక్కడి కార్లలో పెట్రోలు ట్యాంకు మూత వదులైనా దీపం వెలుగుతుంది. ఫోనులో అమ్మాయి ఆ మాట చెప్పిందని ఇక్కడ మీ బండికి మూత బిగించి ఊరుకోకండి. మన బండ్లలో ఎక్కువగా కారణం వేరే ఉంటుంది.

సెకండ్ హ్యాండు బండి కొనేవాళ్ళకి

తాళం తిప్పి ఇంజను స్టార్టు చెయ్యకుండా ఆపండి. పసుపు దీపం వెలగాలి. స్టార్టు చేశాక ఆరిపోవాలి. తాళం తిప్పినా అసలు వెలగలేదంటే ఎవరో దాని నోరు కట్టేశారన్నమాట. అలాంటి బండికి బయానా ఇవ్వకండి.

వరదనీరు, వరిగడ్డి

2024 సెప్టెంబరు 1న సాగర్ ఎడమ కాలువకి నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర గండి పడింది. ఆ వానలకి కోదాడలో కార్లు కొట్టుకుపోయాయి. అలా నీట మునిగిన బండిని నీరు తీశాక తాళం పెట్టి తిప్పి చూడకండి. సిలిండరులోకి నీరు చేరి ఉంటే ఇంజను లోపలి కడ్డీలు వంగిపోతాయి. బ్యాటరీ తీసేయించి, లాగించుకుని షెడ్డుకి పంపండి.

అలాగే కోతల రోజుల్లో రోడ్డు మీద పరిచిన గడ్డి మీద, కల్లంలో ఎండుగడ్డి మీద వేడి బండిని నిలపకండి. బండి కింద జల్లెడ పొయ్యి మీది పెనంలా కాలుతుంటుంది. మిస్సింగ్ ఉన్న బండికైతే మరీ ప్రమాదం. గడ్డి అంటుకుంటే బండే కాదు, వామూ మిగలదు.

షెడ్డుకి వెళ్ళినప్పుడు అడగండి

"అన్నా, నెంబరు ఏం వచ్చింది? కాగితం మీద రాసివ్వు."

"ఆ భాగమే పోయిందని ఏం పరీక్ష చేసి తేల్చావు?"

"పాత సామాను నాకు తిరిగి ఇవ్వాలి, కొత్తదాని బిల్లు కావాలి."

ఈ మూడు మాటలూ మర్యాదగా, నవ్వుతూనే అడగండి. పనితెలిసిన మెకానిక్ సంతోషంగా చూపిస్తాడు. విసుక్కునేవాడి దగ్గర తాళాలు తీసుకుని వచ్చెయ్యండి.

కత్తిరించి కారులో పెట్టుకోండి

• పసుపు నిలకడ: నెమ్మదిగా ఇంటికి, రెండు మూడు రోజుల్లో షెడ్డుకి.

• పసుపు మిణుకు: వేగం తగ్గించి ఆపాలి.

• ఎరుపు: వెంటనే ఇంజను కట్టెయ్యాలి.

• పెట్రోలు పోయించిన వెంటనే దీపం వెలిగితే బంకు బిల్లు దాచండి, మెకానిక్‌కి చెప్పండి.

• వారానికి ఒకసారి బానెట్ తెరిచి ఎలుక జాడలు చూడండి. బండిలో తినుబండారాల ముక్కలు వదలకండి.

• నెంబరు, తేదీ, కిలోమీటర్లు, చేయించిన పని ఒక చిన్న నోటుబుక్కులో రాయండి. పాలలెక్క రాసే చేతికి ఇదేమంత కష్టం కాదు!